ఫ్రీమా లాట్కెల్లో ఏం పడింది

కోపెల్ వినోకూర్ నోట "తెలీదు" అన్న మాట నేను చిన్నప్పటి నుంచి వినలేదు. దారి అడిగితే దారి చెప్పేవాడు, జ్వరం వస్తే మందు చెప్పేవాడు, మంచు ఏ రోజున మొదలవుతుందో సెప్టెంబర్‌లోనే చెప్పేసేవాడు. ఆ రోజున పడకపోతే తప్పు మంచుది. కెనడాలో విన్నిపెగ్ నార్త్ ఎండ్‌లో ఓవర్‌కోట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు కటింగ్ మాస్టరుగా పనిచేశాడు. ఇరవై నాలుగు పొరల ఉన్ని బట్ట పరిచి, పైన సుద్దముక్కతో గీత గీసి కోశాడంటే అట్టడుగు పొర కూడా పై పొరతో సమానంగా తెగేది. ఆ పని చేసీ చేసీ, లోకంలో అన్నీ అలాగే తెగుతాయని ఆయనకి నమ్మకం కుదిరింది కాబోలు.

మాది పక్కిల్లు. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావయ్య అనీ, ఆయన భార్య ఫ్రీమాని అత్తయ్య అనీ పిలిచేదాన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. ఇంట్లో మాటలన్నీ ఆయనవి, వంటంతా ఆవిడది. ఆవిడ చేతి వంటల్లో బాగా పేరు పడ్డవి మా యూదుల హనుక్కా పండక్కి చేసే లాట్కెలు. దుంపలు తురిమి, నీళ్ళు గట్టిగా పిండేసి, ఉల్లిపాయా గుడ్డూ కలిపి నూనెలో ఎర్రగా వేయించే చిన్న చిన్న అట్లు. చెయ్యని ఇల్లంటూ లేదు. కానీ మా వీధి చివర హాల్లో ఏటా జరిగే పండగ విందుకి ఇరవై రెండేళ్ళ పాటు ఆవిడే చేసింది. అంచులు కరకరలాడేవి, లోపల వెన్నలా ఉండేవి, మింగాక నాలుక మీద కాస్త తీపి మిగిలేది. ఆ తీపి ఎక్కడిదో మాకెవరికీ అంతు పట్టలేదు. అడిగితే "వేడిగా ఉన్నప్పుడే తినేయండి" అనేది అత్తయ్య. అదే ఆవిడ జవాబు.

మావయ్యకి ఒక తిక్క ఉండేది. టర్నిప్ తినడు. టర్నిప్‌కి చుట్టమనిపించే తెల్ల దుంపలేవీ తినడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "సూప్‌లో టర్నిప్ వేశారా?" అని అడిగేవాడు. వేశామంటే బల్ల దగ్గర కూడా కూర్చునేవాడు కాదు. ఎందుకని మేమెవరం అడగలేదు. వెక్కిరించి ఊరుకునేవాళ్ళం.

1974 ఏప్రిల్‌లో ఫ్రీమా అత్తయ్య నిద్రలోనే పోయింది. ఆ వేసవంతా మావయ్య మా ఇంటికి వచ్చి మాకు తెలిసిన సంగతులే మాకు చెబుతూ గడిపాడు. నవంబర్‌లో హాలు కమిటీ కూర్చుంది. అప్పటికి హాలు వంటగది బాధ్యత నాది. విందుకి నూట నలభై మంది వస్తారు, లాట్కెలు ఎవరు చేస్తారన్న మాట వచ్చింది. ప్రెసిడెంటు లాజర్ గుర్విచ్ గొంతు సవరించుకుని, ఈ ఏడాదికి బేకరీ నుంచి తెప్పిద్దామా అన్నాడు.

"బేకరీయా? నేనున్నాగా," అన్నాడు మావయ్య.

"నువ్వు గుడ్డు ఉడకబెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదోయ్."

"నలభయ్యేళ్ళు పక్కన నిలబడ్డాను. బంగాళాదుంపల తొక్క తీసింది నేను. బకెట్లు మోసింది నేను. నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది?"

అది నిజమే. ఏటా ఆ రోజు పొద్దున్నే ఆయన వెనక వరండాలో కూర్చుని బస్తాడు బంగాళాదుంపల తొక్క తీసేవాడు. తర్వాత ఆవిడ ఉల్లిపాయలు కోయడం మొదలుపెడితే కళ్ళు మండుతున్నాయంటూ పేపరు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయేవాడు. గంట తర్వాత పిలుస్తే వచ్చి, మూత పెట్టిన బకెట్లు హాలుకి మోసేవాడు. ఆ బకెట్ల మూత ఆయన ఎన్నడూ తియ్యలేదు. ఆవిడే తీసి వేయించేది.

మొదటి వాయి రుచి చూడ్డానికి నన్ను పిలిచాడు. బాగానే ఉన్నాయి. ఆయన ఒకటి కొరికి, కిటికీ వైపు చూస్తూ నమిలి, "ఇవి కాదు," అన్నాడు. రెండోసారి నూనె మార్చాడు. మూడోసారి ఎర్ర బంగాళాదుంపలు తెచ్చాడు. అత్తయ్య ఇనప పెనం వెతికి తీశాడు. ఉల్లిపాయ తగ్గించాడు, పెంచాడు. తురుముని ఒకసారి ఆమె పిండే గుడ్డలో, ఒకసారి తన చొక్కాలో పిండాడు. రెండు వారాలు వాళ్ళింటి గోడలు నూనె కంపు కొట్టాయి. అన్నీ తినదగ్గ లాట్కెలే. ఒక్కటీ ఆవిడది కాదు.

"ఎక్కడో ఒక కొలత తప్పుతోంది అమ్మాయ్. కానీ కొలవడానికి ఏముంది? దుంప, ఉల్లిపాయ, గుడ్డు, ఉప్పు. నాలుగంటే నాలుగు. ఇందులో ఏది తప్పుతుంది?"

చేతివాటం అన్నాను. ఆయనకి నచ్చలేదు. చేతివాటం మీద నమ్మకముంటే ఫ్యాక్టరీలో అట్టముక్క నమూనాలెందుకు అన్నాడు.

విందుకి వారం ముందు, హాలుకి సరుకు చెప్పడానికి పరస్కా దగ్గరికి వెళుతుంటే ఆయనా వెంట వచ్చాడు. సెల్కర్క్ అవెన్యూ వెనక సందులో ఆమెకి దుంపల షెడ్డు ఉంది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన రైతు మనిషి, డెబ్భై ఏళ్ళుంటాయి. మీద మూడు స్వెట్టర్లు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. మావయ్య ఒక బస్తా చూపించి ఇది కావాలన్నాడు.

"బంగాళాదుంపలేనా? మిగతావి వద్దా?" అంది పరస్కా.

"మిగతావేంటి?"

"మీ ఆవిడ తీసుకెళ్ళేవి. ఏటా మీ పండక్కి ముందు వచ్చేది కదా! టర్నిప్‌లు, పార్స్‌నిప్‌లు, ఓ రెండు సెలెరీ దుంపలు. పైపైన ఇచ్చేస్తే ఒప్పుకునేది కాదు. ఏరి ఏరి తెల్లటివే పట్టుకెళ్ళేది."

మావయ్య నవ్వాడు. "నువ్వెవర్నో చూసి ఎవరో అనుకుంటున్నావు."

"నీలం కోటు, కుందేలు బొచ్చు కాలరు. లోపల వైపు ఇంత లోతు జేబు. 'మా ఆయన కోశాడు, సంచీ మోసే పని లేకుండా' అని చెప్పి చూపించేది. ఆ జేబులోనే పోసేదాన్ని పార్స్‌నిప్‌లు."

ఆ కోటు విన్నిపెగ్ మొత్తం మీద ఒకటే ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నేను టర్నిప్ తిననమ్మా," అన్నాడు, అదేదో ఆమెకి చెబితే సరిపోయేటట్టు.

"మీరు తిన్నారని నేనన్నానా? ఆవిడ కొనుక్కుందన్నాను."

బంగాళాదుంపల బస్తా అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. తిన్నగా ఇంటికి వెళతాడనుకున్నాను. మెయిన్ స్ట్రీట్ మీద ఎడమకి తిరిగి, అత్తయ్య చెల్లెలు హిండా కొట్టులోకి దూరాడు. ఆమె బట్టలు సరిచేసే కొట్టు నడిపేది. మేం వెళ్ళేసరికి ఒక గౌను అంచుకి గుండుసూదులు గుచ్చుతోంది. నోట్లో ఇంకో పది సూదులున్నాయి.

"హిండా, నిజం చెప్పు. మీ అక్క లాట్కెల్లో టర్నిప్ వేసేదా?"

ఆమె సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చింది. "ఎవరు చెప్పారు?"

"అంటే వేసేదన్నమాట!"

"వేసేదని నేనన్నానా? ఎవరు చెప్పారని అడిగాను."

"పరస్కా."

"టర్నిప్ వెయ్యలేదు. పార్స్‌నిప్ వేసేది, తియ్యగా ఉంటుందని. మా అమ్మా అలాగే చేసేది."

"టర్నిప్ కొన్నదని పరస్కా అంటోంది."

"ఆమెకి డెబ్భయ్యేళ్ళు, బావా. నిన్న ఏం కొన్నారో గుర్తుండదు."

"నీకేం తక్కువా, అరవై!"

"యాభై ఎనిమిది!"

వాళ్ళు నా వైపు తిరిగారు. నాకు గుర్తొచ్చింది చెప్పాను. ఒకసారి ఉప్పు అడుక్కోవడానికి వాళ్ళింటికి వెళితే, అత్తయ్య ఏదో పొడుగాటి తెల్ల దుంప చెక్కు తీస్తూ నన్ను చూసి గుడ్డ కింద పెట్టేసింది. ముల్లంగి అనుకున్నాను. ఇప్పుడు ముల్లంగి కూడా లెక్కలోకి వచ్చింది. మావయ్య కుర్చీలో కూలబడ్డాడు.

హిండా మెత్తబడింది. "ఇంక దాచి ఏం చేస్తాను. మీ పెళ్ళయిన ఏడాది జరిగింది బావా ఇది. కోటు కోస్తే నీ అంతవాడు లేడు గానీ, నువ్వు చెక్కు తీస్తే దుంపలో సగం తొక్కతో పోయేది. పండగ పూట చూస్తే బంగాళాదుంపలు చాల్లేదు. ఇంట్లో ఉన్న దుంపేదో తురిమి అందులో కలిపేసింది. నీకు చెబుదామనుకునే లోపు నువ్వు పదకొండు తినేసి, ఇంకా ఉన్నాయా అని అడిగావు. మర్నాడు నా దగ్గరికొచ్చి 'చెప్పనా, మాననా' అంది. 'ఈసారికి వదిలెయ్, వచ్చే ఏడు చెబుదువు గాని' అన్నాను."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడూ అదే అన్నాను."

"ప్రతి ఏడూనా?"

"తర్వాత తర్వాత అడగడం మానేసింది."

ఆయన కుర్చీలోంచి లేచి, "మరి సూప్‌లో?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"చేప ఉండల్లో? శుక్రవారం కూరలో?"

"బావా, నన్ను పని చేసుకోనీ."

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటింటి అలమరాలన్నీ తీసి ఉన్నాయి. డబ్బాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఒక్కో మూత తీసి వాసన చూస్తున్నాడు. ఒక డబ్బాలో ఎండిన ఆకు, ఒకదాంట్లో గింజలు. ఏది ఎందులో వేసేదో ఆయనకి ఒక్కటీ అర్థం కాలేదు. "టోబా, నలభయ్యేళ్ళు నేనేం తిన్నానో నాకు తెలీదు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున్న మళ్ళీ పిలుపు. బల్ల మీద బంగాళాదుంపలతో పాటు ఒక టర్నిప్, నాలుగు పార్స్‌నిప్‌లు, ఒక సెలెరీ దుంప. తనే వెళ్ళి తెచ్చాడు. కత్తి పట్టుకుని టర్నిప్ ముందు నిలబడ్డాడు.

"నేను కోస్తానులే మావయ్యా."

"నువ్వు తప్పుకో."

కోశాడు. వాసన వచ్చీ రాగానే కత్తి పెట్టేసి వెనక వరండాలోకి వెళ్ళిపోయాడు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు తక్కువ. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. నేను కోటు పట్టుకుని వెళ్ళేసరికి రెయిలింగు మీది మంచుని గోరుతో గీకుతున్నాడు.

"మా ఊళ్ళో కరువొచ్చిన చలికాలం నాకు తొమ్మిదేళ్ళు," అన్నాడు. "నాన్న అప్పటికే పోయాడు. పశువుల టర్నిప్‌లు, గడ్డకట్టినవి, అమ్మ ఎక్కణ్నుంచో తెచ్చి ఉడకబెట్టేది. నాలుగు నెలలు అదే కూడు. మా చెల్లి జిస్లాకి నాలుగేళ్ళు. అది తినేది కాదు, మొహం తిప్పేసుకునేది. తిను, తిను అని ముందు బతిమాలేవాణ్ణి. తర్వాత దాని ముద్ద కూడా నేనే తినేసేవాణ్ణి. ఎలాగూ తినదు కదా అని. ఎండాకాలం రాకముందే పోయింది."

కోటు భుజాల మీద కప్పాను. "అత్తయ్యకి తెలుసా ఇది?" అన్నాను.

"అదే గుర్తు రావట్లేదు. రాత్రంతా ఆలోచించాను. చెప్పాననే అనుకుంటున్నాను. చెప్పానా? చెప్పుంటే, తెలిసీ ఎలా పెట్టగలిగింది? చెప్పకపోతే, నలభయ్యేళ్ళు చెప్పకుండా నేనేం మాట్లాడుతూ కూర్చున్నట్టు? నోరు మూస్తేగా ఇంట్లో!"

నేను లోపలికి లాక్కొచ్చాను. టీ తాగాడు. తర్వాత చేతులు కడుక్కుని మిగతా టర్నిప్ కోశాడు.

తురమడం ఇద్దరం పంచుకున్నాం. మొదటి వాయి పెనం మీద విడిపోయింది. టర్నిప్‌లో నీళ్ళెక్కువ, పట్టి ఉంచే పిండి లేదు. రెండోది నిలిచింది గానీ పార్స్‌నిప్ ఎక్కువై, లోపల ఉడక్కముందే పైన మాడింది. అప్పుడు హిండా కొట్టు మూసేసి వచ్చింది.

"అలా కాదు బావా, పిండిన నీళ్ళు పారబొయ్యకు. అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడు, అది తిరిగి కలపాలి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్ళూ అడిగావా? నీకన్నీ తెలుసునాయె!"

ఎన్ని పాళ్ళని వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. ఆమె సగం బంగాళాదుంప అంది. ఆయన అంతకంటే ఎక్కువ ఉండాలన్నాడు, ఎందుకంటే తొక్క తీసింది తను. టర్నిప్ వద్దని ఆమె, పరస్కా అబద్ధం చెప్పదని ఆయన. టర్నిప్ తరఫున ఆయన వాదించడం అదే మొదలు. నాలుగో వాయి పెనం దిగాక ఒకటి తీసి ఊదుకుని కొరికాడు. నమలడం ఆపాడు. మళ్ళీ నమిలాడు.

"ఇదే," అన్నాడు. ఇంకో ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. "కాదు." మూడో ముక్క. "ఏమో. నువ్వు చూడు టోబా."

నేను చూశాను. ఆ తీపి ఉంది. ఆవిడ చేసినప్పుడు ఇంతే ఉండేదా, ఇంకొంచెం తక్కువ ఉండేదా అంటే చెప్పలేను. హిండా కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయ అంది. ఉల్లిపాయలు కోసి అప్పటికి గంటయింది.

"అది నన్ను మోసం చేసిందంటావా, హిండా?"

"నన్నడిగితే నేనేం చెప్పను బావా? పెళ్ళాం నీది."

"టర్నిప్ నాకు పడదుగా. ఇప్పుడు పడిందా? నాకిది బాగుందా, బాగాలేదా? అదైనా చెప్పండి ఎవరో ఒకరు."

ఆయన పళ్ళెంలో ఉన్నవి మాత్రం అయిపోయాయి.

ఆదివారం విందు. ఈసారి తురమడం, పిండడం అంతా హాలు వంటగదిలోనే జరిగింది, అందరి కళ్ళ ముందూ. కానీ ఎవరి హడావిడి వాళ్ళది, ఎవరూ గిన్నెల వంక చూడలేదు. నాలుగు పెనాల మీద నేనూ హిండా వేయిస్తుంటే ఆయన పళ్ళేలు మోశాడు. పుల్లటి మీగడ, ఆపిల్ గుజ్జు బల్లల మీద పెట్టేలోపే మొదటి రెండు పళ్ళేలూ ఖాళీ. ఒకావిడ, "అచ్చం ఫ్రీమా చేతివే," అని ఏడ్చింది. ఆమె పక్కనున్న ముసలాయన, "ఛ, ఫ్రీమా ఇంత ఉల్లిపాయ వేసేదా?" అన్నాడు. ఇంకో బల్ల దగ్గర, ఆమె వాటికంటే ఇవే నయమన్నారు. అది విని మావయ్య పళ్ళెం పట్టుకునే అక్కడ నిలబడిపోయాడు, కోప్పడాలో సంతోషించాలో తేల్చుకోలేక.

లాజర్ గుర్విచ్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "మన కోపెల్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ తల్లి చూపించిన దారిలోనే, బంగాళాదుంప తప్ప మరోటి ఎరగని..."

"లాజర్, ఆగు," అన్నాడు మావయ్య. "ఇందులో టర్నిప్ ఉంది."

హాలంతా ఘొల్లుమని నవ్వులు.

"కోపెల్ టర్నిప్ పెట్టాడట!"

"గుమ్మంలో ముక్కుతో వాసన చూసే కోపెల్!"

"నిజంగానే ఉందయ్యా! పార్స్‌నిప్ కూడా ఉంది. ఫ్రీమా నలభయ్యేళ్ళు వేసింది. నేనే తిన్నాను."

ఇంకా నవ్వారు. గుర్విచ్‌కి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "ఆవిడ పోయాక నీకు హాస్యం అబ్బిందయ్యా," అని భుజం తట్టాడు. మావయ్య సాయం కోసం నా వంక చూశాడు. నిజమేనని నేనన్నాను. హిండా గరిటె ఎత్తి మరీ నిజమంది. మేం ముగ్గురం కలిసి ఆడిస్తున్నామని ఇంకాస్త నవ్వారు. చివరికి ఆయన వంటగదిలోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నిజం చెబితే నమ్మరేంటి టోబా?"

"నువ్వు నమ్మావా, పరస్కా చెబితే?"

ఆయన చల్లారిపోయిన లాట్కె ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు విందుకి ఆయనే చేశాడు. కొలతలు రాసి పెట్టమని నేను ఎన్నిసార్లు అడిగినా రాయలేదు. ఒక ఏడు పార్స్‌నిప్ ఎక్కువ పడేది, ఒక ఏడు టర్నిప్ చూసి చివరి నిమిషంలో మనసు మార్చుకునేవాడు. తినేవాళ్ళు ఏటా, అచ్చం ఫ్రీమావేనని కొందరు, కాదని కొందరు అనేవారు. సూప్‌లో టర్నిప్ కనిపిస్తే మాత్రం చివరిదాకా పళ్ళెం తోసేస్తూనే ఉన్నాడు. ఇదేం వింత మావయ్యా అంటే, "నాకు తెలిస్తే నీకు చెప్పనా?" అనేవాడు.

ఒక ఫిబ్రవరిలో ఆయనా పోయాడు. హిండా మరో రెండేళ్ళు నాతో కలిసి వేయించింది. ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఎన్ని బంగాళాదుంపలకి ఎన్ని తెల్ల దుంపలని కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కాగితం పట్టుకుని అడుగుతారు. గుప్పిళ్ళతో చూపిస్తాను. నా గుప్పిట్లో ఉన్నది ఫ్రీమా అత్తయ్య పాళ్ళా, మావయ్య పాళ్ళా, హిండా గెలిచిన పాళ్ళా అన్నది నాకూ తెలియదు. ఆ సంగతి ఆలోచించేలోపు పెనం మీద ఒక వైపు ఎర్రబడిపోతుంది, తిప్పాలి.